క్లిప్‌లెస్ పెడల్: చరిత్ర, ఎంపిక

క్లిప్‌లెస్ పెడల్ అంటే సైక్లిస్టు బూటు అడుగున బిగించిన ‘క్లీట్’ అనే చిన్న పలకను స్ప్రింగు బలంతో పట్టి ఉంచి, మడమను పక్కకు తిప్పగానే వదిలేసే పెడల్. అంతకుముందు పాదాన్ని బంధించిన టో క్లిప్పులను, తోలు పట్టీలను తొలగించింది కనుక దానికి ఆ పేరు వచ్చింది. 1984లో ఫ్రెంచి కంపెనీ లుక్ విడుదల చేసిన పీపీ65 ఈ పెడళ్ళలో జయప్రదమైన మొదటిది. నేడు రోడ్డు రేసుల్లో, ట్రయథ్లాన్‌లో పాల్గొనే సైకిళ్ళన్నిటికీ దాదాపు ఇవే ఉంటాయి.

ఈ పెడల్‌కు రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి సైకిల్ క్రాంకులోకి దూరే ఇరుసు. దాని మర కొలత దాదాపు ప్రపంచమంతటా ఒక్కటే. రెండోది బూటును పట్టే భాగం. దాని విషయంలో కంపెనీలు ఏనాడూ ఏకాభిప్రాయానికి రాలేదు. పాత పెడళ్ళు అరిగిపోయి కొత్తవి కొనాలనుకున్నవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఈ రెండో ముఖం చరిత్రలోనే ఉన్నాయి.

టో క్లిప్పుల కాలం

ఇరవయ్యో శతాబ్దంలో అధిక భాగం రేసర్లు పెడల్ ముందు లోహపు టో క్లిప్ బిగించి, దాని గుండా తోలు పట్టీ పోనిచ్చి పాదాన్ని కట్టుకునేవారు. తోలు బూటు అడుగున గాడి ఉన్న క్లీట్‌ను మేకులతో కొట్టేవారు. ఆ గాడి పెడల్ పలక అంచు మీద కూర్చునేది. ఆగాలంటే ముందుగా చెయ్యి కిందికి చాపి పట్టీ వదులు చేసి, ఆ తర్వాతే పాదాన్ని వెనక్కి లాగాలి. బిగువుగా కడితే వేళ్ళకు తిమ్మిరి, వదులుగా కడితే పట్టు చాలదు. పడిపోయినప్పుడు పాదం తనంతట తాను బయటికి వచ్చేది కాదు.

తొలి ప్రయత్నాలు

పట్టీలు లేకుండా పాదాన్ని పట్టే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌కు చెందిన చార్లెస్ హాన్సన్ 1895లోనే బూటును తిప్పి బిగించే, తిప్పి విడదీసే పెడల్‌ను రూపొందించాడు. అది వాడుకలోకి రాలేదు.

డెబ్బయ్యో దశకం మొదట్లో ఇటలీలో మరో ప్రయత్నం జరిగింది. 1943 మిలాన్–సాన్ రెమో రేసు విజేత, తర్వాత హ్యాండిల్‌బార్ల తయారీలో పేరు తెచ్చుకున్న చీనో చినెల్లి ఎం71 పెడల్‌ను తెచ్చాడు. క్లీట్ పెడల్ గాడుల్లోకి జారి కూర్చునేది. ఒక మీట దాన్ని బంధించేది. పట్టు గట్టిదే కానీ, విడిపించుకోవాలంటే రైడర్ వంగి చేత్తో మీట లాగాలి. అందుకే దానికి ‘మృత్యు పెడల్’ అన్న పేరు అంటుకుంది. పాదాన్ని బంధించడం కష్టం కాదని, క్షణంలో వదిలించడమే అసలు సమస్య అని ఆ పెడల్ తేల్చింది.

మంచు మీది నుంచి రోడ్డు మీదికి

ఆ సమస్యను పరిష్కరించినవారు సైకిల్ తయారీదారులు కాకపోవడం విశేషం. మధ్య ఫ్రాన్సులోని నెవెర్ పట్టణంలో ఉన్న లుక్ కంపెనీ స్కీ బైండింగులు చేసేది. మంచు మీద జారేటప్పుడు బూటును పలకకు పట్టి ఉంచడం, పడిపోయి కాలు మెలిపడితే ఎముక విరిగేలోపే వదిలేయడం బైండింగు పని. కంపెనీ స్థాపకుడు జాఁ బెయిల్ ఆ సూత్రాన్నే పెడల్‌లోకి తెచ్చాడు.

1983లో పారిశ్రామికవేత్త బెర్నార్ తపీ లుక్ కంపెనీని కొన్నాడు. ఆయనే బెర్నార్ ఇనో నాయకుడిగా లా వీ క్లేర్ రేసింగ్ జట్టును నెలకొల్పాడు. 1985లో ఇనో ఈ పెడళ్ళతోనే తన ఐదో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. మరుసటి ఏడు అదే జట్టుకు చెందిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ గెలిచాడు. ఐర్లాండ్ రేసర్ షాన్ కెల్లీ వంటి ప్రముఖులు మరికొన్నేళ్ళు టో క్లిప్పులనే నమ్ముకున్నా, రేసుల్లో వాటి రోజులు దగ్గరపడ్డాయి.

పీపీ65 పనితీరు నేటి రోడ్డు పెడళ్ళన్నిటికీ ఒరవడి పెట్టింది. త్రికోణాకారపు క్లీట్ ముక్కు పెడల్ ముందంచు కిందికి దూరుతుంది. పాదంతో కిందికి నొక్కితే వెనక ఉన్న స్ప్రింగు కొక్కెం కొంచెం వెనక్కి జరిగి, క్లీట్ దిగగానే ‘టక్’మని మూసుకుంటుంది. పాదాన్ని నిటారుగా పైకి లాగినా ఊడదు. మడమను బయటికి తిప్పితే మాత్రం క్లీట్ ఏటవాలు అంచు కొక్కేన్ని నెట్టి దారి చేసుకుంటుంది. స్ప్రింగు బిగువును చిన్న మరతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వెనక భాగం బరువు కాబట్టి ఖాళీగా ఉన్న పెడల్ ముక్కు పైకెత్తి వేలాడుతుంది, చూడకుండానే బూటు కొన దాన్ని అందుకోగలదు.

పైకి లాగడం వల్ల శక్తి ఎంతో కలిసొస్తుందన్న ప్రచారం అప్పట్లో గట్టిగా సాగింది. అనుభవజ్ఞులైన సైక్లిస్టులు కూడా ప్రధానంగా కిందికి తొక్కుతూనే వేగం సంపాదిస్తారని, పైకి వచ్చే కాలును కేవలం తేలిక చేస్తారని తర్వాతి పరిశోధనలు చూపాయి. పాదం ఎప్పుడూ సరైన చోటే ఉండటం, పరుగులో జారకపోవడం, పడితే విడిపోవడం ఈ పెడల్ ఇచ్చిన నిజమైన లాభాలు.

మోకాలు నేర్పిన పాఠం

మొదటి క్లీట్లు పాదాన్ని ఒకే కోణంలో బిగించేవి. నిమిషానికి 90 సార్లు తొక్కే సైక్లిస్టు గంటలో ఒక్కో మోకాలిని 5,400 సార్లు వంచి చాపుతాడు. క్లీట్ కొంచెం వంకరగా ఉంటే ఆ వంకర భారమంతా మోకాలి మీదే పడుతుంది. మోకాళ్ళ నొప్పుల ఫిర్యాదులు పెరిగాయి.

జాఁ బెయిల్ లుక్‌ను వదిలి 1987లో రోలాఁ కతాఁతో కలిసి టైమ్ అనే కొత్త కంపెనీ పెట్టాడు. ఆ పెడల్‌లో పాదం బంధంలో ఉంటూనే మడమ కొన్ని డిగ్రీలు ఇటూ అటూ కదలగలదు. దీన్నే ‘ఫ్లోట్’ అంటారు. మిగతా కంపెనీలూ దాన్ని ఇవ్వక తప్పలేదు. నేడు క్లీట్ రంగును బట్టే ఫ్లోట్ తెలుస్తుంది. లుక్ కంపెనీ కియో క్లీట్లలో నలుపు 0, బూడిద రంగు 4.5, ఎరుపు 9 డిగ్రీలు. షిమనో రోడ్డు క్లీట్లలో ఎరుపు 0, నీలం 2, పసుపు 6 డిగ్రీలు. ఒక కంపెనీలో అత్యధిక కదలికకు గుర్తయిన ఎరుపు మరో కంపెనీలో కదలికే లేని క్లీట్‌కు గుర్తు. కొనేవారు పొరబడే చోటు ఇదే.

రెండు మరలు, మూడు మరలు, నాలుగు మరలు

జపాన్ కంపెనీ షిమనో ఎనభయ్యో దశకం చివర్లో లుక్ అనుమతితో ఆ నమూనాలోనే రోడ్డు పెడళ్ళు చేసింది. 1990లో మౌంటెన్ బైకుల కోసం సొంతంగా ఎస్‌పీడీ వ్యవస్థను తెచ్చింది. ఇందులో చిన్న లోహపు క్లీట్ రెండు మరలతో బూటు అడుగు లోపలి గుంటలో ఒదిగిపోతుంది. దానితో నడవవచ్చు, బురదలో దిగవచ్చు, పెడల్‌ను ఏ వైపు తొక్కినా పట్టుకుంటుంది. హైదరాబాద్ వంటి నగరాల్లో జరిగే 200, 300 కిలోమీటర్ల బ్రెవే అనే సుదూర సైకిల్ యాత్రల్లో మాటిమాటికీ దిగి నడవాల్సిన సైక్లిస్టులకు ఇప్పటికీ ఇదే అనుకూలం.

అమెరికాలోని శాన్ డియాగోలో రిచర్డ్ బ్రైన్ రూపొందించిన స్పీడ్‌ప్లే సూత్రాన్ని తలకిందులు చేసింది. స్ప్రింగు పెడల్‌లో కాక క్లీట్‌లో ఉంటుంది. గుండ్రటి పెడల్‌ను రెండు వైపులా తొక్కవచ్చు. జీరో మోడల్‌లో ఫ్లోట్‌ను 0 నుంచి 15 డిగ్రీల మధ్య ఎవరికి కావలసినంత వారు సరిచేసుకోవచ్చు. అయితే క్లీట్‌కు నాలుగు మరలు కావాలి, మామూలు మూడు రంధ్రాల బూటుకు అడుగున అదనపు పలక వేయాలి. మోకాలి ఇబ్బందులున్నవారు దీన్ని ప్రత్యేకంగా ఎంచుకుంటారు.

లుక్ 2004లో పాత డెల్టా క్లీట్ స్థానంలో తేలికైన కియోను తెచ్చింది. దాదాపు అదే కాలంలో షిమనో వెడల్పాటి ఎస్‌పీడీ–ఎస్‌ఎల్‌ను తెచ్చింది. రోడ్డు మార్కెట్‌లో అధిక భాగం ఈ రెండింటిదే. మూడు రంధ్రాల బూటుకు రెండూ సరిపోతాయి, కానీ ఒకదాని క్లీట్ మరోదాని పెడల్‌లో కూర్చోదు. డెల్టా క్లీట్ కియో పెడల్‌కు కూడా పట్టదు. యాజమాన్యాలూ మారాయి. స్పీడ్‌ప్లేను 2019లో వాహూ కొన్నది, టైమ్ పెడళ్ళ వ్యాపారం 2021లో స్రామ్ చేతికి వచ్చింది.

మరో మలుపు, తొక్కుడు శక్తిని వాట్లలో కొలిచే పెడళ్ళు. గార్మిన్ వెక్టర్ 2013లో మార్కెట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత ఫావెరో వంటి కంపెనీలు ధర తగ్గించాయి. ఇవి ఒక సైకిల్ నుంచి మరో సైకిల్‌కు కొద్ది నిమిషాల్లో మారతాయి.

ట్రయథ్లాన్‌లో

1978లో హవాయిలో ఐరన్‌మ్యాన్ అనే సుదూర ట్రయథ్లాన్ మొదలైంది, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్ చేరింది. భారత్‌లో 2019లో గోవాలో తొలి ఐరన్‌మ్యాన్ 70.3 జరిగింది. ఈత, సైక్లింగ్, పరుగు వరసగా సాగే ఈ పోటీలో, ఈత ముగించి సైకిల్ ఎక్కే ఆ కొద్ది క్షణాల్లో క్లిప్‌లెస్ పెడల్ కొత్త ఉపయోగం చూపింది. అనుభవజ్ఞులు బూట్లను ముందే పెడళ్ళకు తగిలించి, మడమ దగ్గరి కొసను రబ్బరు బ్యాండుతో సైకిల్‌కు కట్టి, క్రాంకును అడ్డంగా నిలుపుతారు. వట్టి కాళ్ళతో పరుగెత్తి వచ్చి, సైకిల్ ఎక్కేందుకు గుర్తించిన గీత దాటాక ఎక్కి, బూట్ల మీదే తొక్కుతూ వేగం అందుకున్నాక పాదాలు లోపలికి దోపుతారు. తొలి తొక్కుకే రబ్బరు తెగిపోతుంది. ఇలా చేసేవారు ఖాళీ బూటు బరువుకూ కుదుపుకూ ఊడని బిగువు స్ప్రింగుకు ఉందో లేదో చూసుకోవాలి. ముందే బూట్లు తొడుక్కుని సైకిల్ దాకా పరుగెత్తేవారికి నడకకు ఓర్చే రబ్బరు అంచుల క్లీట్లు మేలు.

పాతవాటి స్థానంలో కొత్తవి

మార్చాల్సినది పెడలా, క్లీటా అన్నది మొదట తేల్చుకోవాలి. పట్టు వదులైతే తరచుగా తప్పు క్లీట్‌దే. షిమనో క్లీట్ల కొసల్లోని రంగు భాగం అరిగిపోతే మార్చే సమయం వచ్చినట్టే. కొత్త క్లీట్ వేసినా బూటు ఊగుతుంటే, ఇరుసు పక్కలకు ఆడుతుంటే, తిప్పినప్పుడు గరగరలాడుతుంటే పెడల్ పని అయిపోయింది.

మోకాళ్ళకు ఏ ఇబ్బందీ లేకపోతే పాత వ్యవస్థనే, అదే ఫ్లోట్‌తో కొనడం ఉత్తమం. వ్యవస్థ మారితే బూటు అడుగుకూ ఇరుసుకూ మధ్య ఎత్తు మారుతుంది. పాదం ఇరుసుకు 3 మిల్లీమీటర్లు దగ్గరైతే సీటును కూడా అంతే దించాలి. తుంటి వెడల్పు వల్ల మడమ క్రాంకుకు రాసుకునేవారికి షిమనో అల్టెగ్రా, డ్యూరా–ఏస్ పెడళ్ళు 4 మిల్లీమీటర్లు పొడవైన ఇరుసుతో దొరుకుతాయి. టైటానియం ఇరుసున్న కొన్ని మోడళ్ళకు రైడర్ బరువు మీద పరిమితి ఉంటుంది, అది చూసుకోవాలి. ధర పెరిగేకొద్దీ తగ్గేది ప్రధానంగా బరువే. క్లీట్ పట్టులో, విడుదలలో మధ్యస్థ ధర పెడళ్ళు ఏమాత్రం తీసిపోవు.

బిగింపులో ఒక్క జాగ్రత్త కావాలి. పెడల్ మర కొలత 9/16 అంగుళం. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది ఎదురు మర. పానాను పైకి నిలిపి వెనక చక్రం వైపు లాగితే రెండు వైపులా వదులవుతుంది, ముందు చక్రం వైపు లాగితే బిగుస్తుంది. మరకు గ్రీజు పూయకపోతే ఉక్కు ఇరుసు అల్యూమినియం క్రాంకులో పట్టేసి మళ్ళీ ఊడి రాదు. పాత క్లీట్ విప్పేముందు దాని చుట్టూ బూటు మీద గీత గీసుకుంటే కొత్తదాన్ని అదే చోట పెట్టవచ్చు. స్ప్రింగును మొదట అత్యంత వదులుగా ఉంచి, గోడ పట్టుకుని నిలబడి ఒక్కో పాదాన్ని పలుమార్లు తగిలించి, విడదీసి, చెయ్యి తిరిగాకే రోడ్డెక్కాలి. కొనే పెడల్ ఏదైనా, మోకాలికి నొప్పి తేకుండా పట్టుకుని అవసరమైన క్షణంలో వదిలేదే మంచి పెడల్.