గేటు తెరవక ముందే: బద్లీ కార్డు నుంచి ఫిల్మ్ సిటీ టికెట్ దాకా



మా కుటుంబం రామోజీ ఫిల్మ్ సిటీకి పోయి వచ్చిన ఫోటోలు పోయిన వారం పెట్టాను. చాలామంది ఒకటే అడిగారు: "క్లర్క్ సాబ్, గేటు తొమ్మిదికి కదా తెరిచేది, ఆరున్నరకే అక్కడ ఏం చేస్తున్నారు?" నవ్వే బొమ్మలు కూడా బాగానే వచ్చాయి. దానికి జవాబు రెండు మాటల్లో చెప్పలేక ఇది రాస్తున్నాను. ఎప్పటిలాగే పొడుగు అవుతుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను సేలంలో తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఇక్కడికి వచ్చి, పెళ్లయిన తర్వాత నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ముందు ప్రయాణం సంగతి. శనివారం రాత్రి పన్నెండు గంటలకు అశోక్ చౌక్ నుంచి క్రూజర్‌లో బయలుదేరాం. నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు, మనవరాలు, మనవడు, ఇంకా మా అత్తగారు. ఆమెకు ఎనభై ఎనిమిది. డబ్బాలో కడక్ భాకరీ, షేంగా చట్నీ, ఫ్లాస్కులో చాయ్. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి. పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే మళ్ళీ అదే రోడ్డు. సోలాపూర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారే అటు పూణే నుంచి ఇటు మచిలీపట్నం దాకా పోతుంది. ఫిల్మ్ సిటీ దాని పక్కనే ఉంది. అంటే మన పేటకూ ఆ గేటుకూ రోడ్డు ఒకటే.

ఆరున్నరకు చేరుకున్నాం. గేటు దగ్గర పెద్దగా ఎవరూ లేరు. పిల్లలకు నిద్ర చాలలేదు, మనవడు ఏడుపు మొదలుపెట్టాడు. కొడుక్కి కోపం వచ్చింది. "నాన్నా, ఇదేమైనా రైలా, మనల్ని వదిలేసి పోవడానికి?" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా పార్సెల్ ఆఫీసులో చాదర్ల బేళ్ళు రైలు ఎక్కించినవాణ్ణి. బండి కదిలే వేళకు గంట ముందు లేకపోతే నాకు కడుపులో తిప్పుతుంది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కోడలు మాట్లాడకుండా పిల్లలకు భాకరీ విరిచి పెడుతోంది. ఎవరి ముఖం చూసినా ఉదయం పాడైందనే ఉంది.

అప్పుడు మా అత్తగారు బండి కిటికీలోంచి ఆ మూసిన గేటును చాలాసేపు చూసి, మా ఆవిడను అడిగింది.

"పిల్లా, పేర్లు ఎప్పుడు పిలుస్తరే?"

"పేర్లు ఎవలూ పిలువరమ్మా. టికెట్ ఉన్నది."

"మరి అందర్నీ లోపలికి తీసుకుంటరా? ఎవర్నీ వాపస్ పంపరా?"

"అందర్నీ తీసుకుంటరు."

పెద్దావిడ తల ఊపింది. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు. మా కొడుక్కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. మన సంఘంలో నలభై ఏళ్ళ లోపు వాళ్ళకు ఎంతమందికి అర్థమవుతుందో నాకు తెలియదు. ఈ వ్యాసం వాళ్ళ కోసమే.

సోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి, మద్రాసు లైన్లు కలిశాయి. తర్వాత ఎప్పుడో నేను సేలం నుంచి వచ్చింది కూడా ఆ దారినే. రైలు ఉన్నచోటికి పత్తి వస్తుంది, బొగ్గు వస్తుంది, మిల్లు వస్తుంది. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు నడిచింది. మన పెద్దలు జూనీ మిల్లు అనేది దాన్నే. తర్వాత లక్ష్మీ, నర్సింగ్‌గిర్జీ, విష్ణు, జామ్ మిల్లులు వచ్చాయి. అటు నల్దుర్గ్ వైపు నిజాం రాజ్యం, ఇటు ఇంగ్లీషు వాళ్ళ పాలన. నల్గొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు పల్లెల్లో మగ్గం మీద పూట గడవని మనవాళ్ళు ఈ హద్దు దాటి వచ్చారు. కొందరు ఇక్కడా మగ్గమే వేసుకున్నారు, కొందరు మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు.

గేటు దగ్గర నిలబడటం అంటే ఏమిటో చెప్పాలి. మిల్లులో పక్కా నౌకరీ అందరికీ ఉండేది కాదు. పక్కా మనిషి ఆ రోజు రాకపోతే అతని సాంచెల మీద ఇంకొకడిని పెట్టేవారు. ఆ ఇంకొకడే బద్లీ. ఎవరు రారో ముందు తెలియదు కాబట్టి బద్లీలు రోజూ భోంగాకు ముందే గేటు దగ్గర ఉండాలి. భోంగా అంటే మిల్లు కూత. సేలంలో మేము దాన్ని సంగు అనేవాళ్ళం. ఊరు మారినా, భాష మారినా, ఆ కూతకు లేచే ఇళ్ళు ఒకటే రకం. లోపలినుంచి జాబర్ వచ్చి పేర్లు పిలుస్తాడు. పిలిచినవాడు లోపలికి, పిలవనివాడు ఇంటికి.

ఆ జాబర్ చేతిలో ఎంత పెత్తనం ఉండేదంటే, పని దొరకాలంటే అతని చేయి తడపాల్సి వచ్చేది. ఇది మన ముసలివాళ్ళు కోపంలో అన్న మాట కాదు. విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన కార్మికుల నివేదికలో జాబర్ల లంచాల సంగతి ఉంది. బొంబాయి మిల్లు యజమానులు 1935లో బద్లీలకు కార్డులు ఇచ్చి, కార్డు ఉన్నవాడే రోజూ హాజరు కావాలనే పద్ధతి పెట్టారు. కార్డు వచ్చినా పొద్దున్నే నిలబడటం తప్పలేదు.

మా మామగారు 1950ల మొదట్లో అలా బద్లీ. ఏ మిల్లో ఇక్కడ రాయను, ఇప్పుడు దానితో పని లేదు. చీకటితోనే లేచి వెళ్ళేవారట. మా అత్తగారు అప్పుడు కొత్త కోడలు. రెండో భోంగా మోగిన తర్వాత గంటసేపు భర్త ఇంటికి రాకపోతే పని దొరికినట్టు. అప్పుడు దుకాణానికి పోయి ధైర్యంగా జొన్నలు ఉద్దెర అడిగేది. సందు మలుపులో ఆయన తల కనిపిస్తే చెంబుతో నీళ్ళు ఇచ్చి, ఏమీ అడగకుండా బీడీల చేట ముందు కూర్చునేది. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోతే అక్కడ ఇంకో వరస, ఇంకో లెక్క, ఛాట్ అని తీసిపారేసినవి పోగా మిగిలినదానికే కూలి. ఆమెకు గేటు అంటే అదీ. త్వరగా పోయినా లోపలికి పోతామనే నమ్మకం లేని చోటు.

ఇప్పుడు సెలవు సంగతి. ఫిల్మ్ సిటీకి పోవాలంటే ముందు సెలవు ఉండాలి కదా. ఆదివారం సెలవు ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1881 ఫ్యాక్టరీ చట్టం పిల్లలకు నెలకు నాలుగు సెలవులు ఇచ్చింది, పెద్దలకు ఏమీ ఇవ్వలేదు. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టి వారానికి ఒకరోజు సెలవు కోసం పోరాడారు. 1890లో అక్కడి మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. 1891 చట్టంతో అది అందరికీ వచ్చింది. జీతంతో సెలవు రావడానికి ఇంకా యాభై ఏళ్ళకు పైగా పట్టింది. 1948 ఫ్యాక్టరీ చట్టం, దానికి 1954 సవరణ తర్వాత, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి ప్రతి ఇరవై రోజులకు ఒక రోజు జీతపు సెలవు దక్కింది.

బద్లీకి ఆ 240 రోజులు పడటమే కష్టం. ఏడాదిలో వంద రోజులు ఇంట్లో కూర్చున్నా ఆయనకు ఒక్క సెలవు లేనట్టే. సెలవు వేరు, పని దొరకని రోజు వేరు. రేపు పని ఉందని తెలిసినవాడికే ఈరోజు సెలవు. మా మామగారు చెప్పిన ఈ మాట నాకు చరిత్ర పుస్తకాల కంటే ఎక్కువ నేర్పింది.

ఇక్కడ ఒక్కసారి సముద్రం దాటి ఇంగ్లాండు పోదాం. మన మగ్గాల పొట్టకొట్టిన బట్ట లాంకషైర్ మిల్లుల నుంచి వచ్చిందని మనందరికీ తెలుసు. ఆ మిల్లుల్లో నేసినవాళ్ళు కూడా మనలాంటివాళ్ళే. అక్కడ వేసవిలో ఒక వారం ఊరి మిల్లులన్నీ మూసేవారు. దాన్ని వేక్స్ వారం అనేవారు. ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఆ వారం ఊరికి ఊరే రైలెక్కి బ్లాక్‌పూల్ అనే సముద్రతీరపు ఊరికి పోయేది. అక్కడికి రైలు 1846లోనే వచ్చింది. 1894లో పెద్ద టవర్ కట్టారు, 1896లో ప్లెజర్ బీచ్ అనే ఆటల పార్కు మొదలైంది. చాలాకాలం ఆ వారానికి జీతం లేదు. అందుకే ఏడాది పొడుగునా చీటీ కట్టినట్టు వారం వారం చిల్లర దాచుకునేవారు. అక్కడ జీతంతో సెలవుల చట్టం 1938లో వచ్చింది. బ్లాక్‌పూల్ లాంటి చోటు పెరగడం వెనక వారం రోజులు సాంచె ఆపి రైలెక్కిన నేతవాళ్ళు ఉన్నారు.

మనకు అలాంటిది లేదా? ఉంది. జనవరిలో సిద్ధేశ్వరుని గడ్డా యాత్ర. హోమ్ మైదానంలో పెద్ద పాలణాలు, మిఠాయి దుకాణాలు, దారూకామ్ చూసే జనం. మా ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెను భుజం మీద ఎక్కించుకుని పోయేవారట. దానికి గేటు లేదు. ఎవరైనా రావచ్చు, డబ్బు లేకపోతే పాలణాను కింద నిలబడి చూడవచ్చు. అదే దాని గొప్ప.

మళ్ళీ ఆ ఉదయానికి వస్తాను. ఈ సంగతులు అక్కడ బండిలో కూర్చునే మా కొడుక్కి చెప్పాను. వాడు వాళ్ళ తాతను చూసింది చిన్నతనంలోనే, బద్లీ సంగతి ఎవరూ చెప్పలేదు. విని ఏమీ అనలేదు. కాసేపటికి దిగి, అమ్మమ్మ వైపు తలుపు తెరిచి, టికెట్ కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది, బీడీ కార్ఖానా పాస్‌బుక్ పట్టుకున్నట్టే. తొమ్మిది లోపల మా వెనక చాలా పెద్ద వరస అయింది. గేటు తెరిచారు. ఎవరి పేరూ పిలవలేదు. లోపలికి పోయాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరైనా మిగిలిపోయారా అని చూసిందట, తర్వాత మా ఆవిడతో అన్నది.

లోపలి విశేషాలు మీకు తెలిసినవే. 1996లో మొదలైన చోటు, ప్రపంచంలో అతిపెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. పిల్లలు ఆటలన్నీ ఆడారు. నాకు అక్కడి ఉత్తుత్తి రైల్వే స్టేషన్ నచ్చింది. పార్సెల్ ఆఫీసు కోసం వెతికాను, కనిపించలేదు. అత్తగారు సాయంత్రం దాకా అలిసిపోలేదు, అలిసిపోయింది మేమే.

ఇక సంఘానికి నా రెండు మాటలు. ఒకటి, మీ ఇళ్ళల్లో పాత ట్రంకుల్లో బద్లీ కార్డులు, మిల్లు పగారు చీటీలు, బీడీ పాస్‌బుక్కులు ఉంటే పారేయకండి. సంఘం ఆఫీసుకు తెస్తే ఫోటో తీసి మీవి మీకు ఇచ్చేస్తాను. మిల్లులు పోయాయి, భోంగా పోయింది. ఆ కాగితాలు కూడా పోతే మా మనవళ్ళకు అత్తగారి ప్రశ్న అర్థమే కాదు.

రెండోది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది. దీపావళి తర్వాత సంఘం తరఫున బస్సులు వేసి అందరినీ తీసుకుపోదామని మీటింగులో మాట వచ్చింది. మంచిదే. కానీ మన సంఘంలో కార్ఖానాదార్లూ ఉన్నారు, వాళ్ళ సాంచెల మీద పనిచేసేవాళ్ళూ ఉన్నారు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు ఆ రోజు మనతో వస్తే ఆ రోజు కూలి పోగొట్టుకున్నట్టే. అతనికి అది సెలవు కాదు, పని లేని రోజు. కాబట్టి వచ్చే కార్మికులకు ఆ ఒక్క రోజు కూలి ఇద్దామని కార్ఖానాదార్లను చేతులు జోడించి అడుగుతున్నాను. ఇందులో ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. మన తాతలందరూ ఒకే గేటు దగ్గర నిలబడినవాళ్ళే. బీడీలు చుట్టిన ముసలమ్మలకు ముందు సీట్లు ఇవ్వండి, వాళ్ళ టికెట్ల ఖర్చులో నా పెన్షన్ నుంచి నా వంతు ఇస్తాను.

బస్సు టైము మాత్రం నేను చెప్పినట్టే ఉండాలి. రాత్రి పన్నెండుకు కదులుతుంది. నవ్వేవాళ్ళు బస్సులో కూర్చుని నవ్వండి.