నేల యాకలి

హైదరాబాదు పాతబస్తీలో మేము కాపురముండు వీథిలో తెల్లవారునప్పటికి కూరగాయల తొక్కలును, వాడిన యాకుకూరలును, మిగిలిన యన్నమును కుప్పలుగా పడియుండును. అది యంతయు నేదో యొక చేని సారమే. పంటతోబాటు నగరమునకు వచ్చిన సారము తిరిగి చేనికి పోవుట లేదు. ఈ ఋణమును తీర్చుటకు పూర్వు లేమి చేసిరో, నేటి శాస్త్ర మేమి చెప్పుచున్నదో చదువరులకు మనవి చేయుదుము.

సురపాలుని వృక్షాయుర్వేదమను సంస్కృత గ్రంథమునకు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నుండెను. నళినీ సాధలేగారు దాని నాంగ్లీకరింపగా, సికిందరాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు 1996లో ప్రకటించిరి. అందు కుణపజలమను ద్రవపు టెరువు చెప్పబడినది. మాంసమును, మజ్జను నీట నుడికించి, తెలకపిండియు, నానిన మినుములును, తేనెయు గలిపి, కుండలో మాగబెట్టి చెట్లకు పోయవలెనట.

ఆ సంస్థను 1994లో స్థాపించినవారు వై. ఎల్. నేనేగారు. వీరే 1966లో పంత్‌నగరున, వరియాకులపై తుప్పురంగు మచ్చలు పుట్టించు ఖైరా తెగులునకు పురుగు గాని బూజు గాని హేతువు కాదనియు, జింకు లోపమే హేతువనియు నిరూపించిరి. జింకు సల్ఫేటును సున్నముతో గలిపి చల్లగా పైరు తేరుకొనెను. పిమ్మట వీరు పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పనిచేసిరి.

ఆ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులే 2002 మొదలు 2004 వరకు నల్లగొండ, మహబూబునగరము, కర్నూలు జిల్లాల మెట్టచేలలో పరీక్షలు చేసిరి. పెక్కు నేలలలో గంధకము, జింకు, బోరాను కొరవడినవి. హెక్టారునకు గంధకము 30 కిలోలు, జింకు 10, బోరాను అర కిలో వేయగా మొక్కజొన్న, పెసర, వేరుసెనగ, ఆముదము దిగుబడులు హెచ్చినవి. పటాన్‌చెరువు నల్లరేగడిలో 1976 నుండి సాగిన మరియొక దీర్ఘపరీక్షలో, ఏటికొక పైరే వేయు పాతపద్ధతిలో హెక్టారునకు టన్నుకు కొంచె మెక్కువ పండగా, జొన్నలో కంది వేసియు, మొక్కజొన్న వెనుక సెనగ వేసియు, ఎరువును, మంచి విత్తనమును, నీటి సంరక్షణమును జతపరచిన పద్ధతిలో సగటున అయిదు టన్నులు పండెను.

అంతయు మన గ్రంథములలోనే కలదనువారు, నేలకు జింకు కరవుండునని సురపాలు డెరుగడని యొప్పుకొనవలెను. జింకు చాలని నేల గడ్డిని మేసిన పశువు పేడలో మాత్ర మది సమృద్ధిగా నెట్లుండును? కావున మట్టిపరీక్ష తప్పదు. పాతదంతయు మౌఢ్యమనువారు, తెలకపిండియు మజ్జయు నేలసారమును నేలకే మరలించినవని గ్రహింపవలెను. పేడయు, కుళ్ళిన యాకును లేనిచో మట్టికి నీటిని, పోషకములను పట్టియుంచు శక్తి తగ్గిపోవును.

సారము తగ్గిన చేని గింజయందును జింకు తగ్గును; ఆ కొరత తుదకు మన బిడ్డల కంచములకే వచ్చును. గృహిణులు తొక్కలను గాజుపెంకులతోను, ప్లాస్టిక్కుతోను కలపక వేరుగా నుంచినచో, ఆ ఋణములో మన వంతు కొంత తీరును.