పాప్ కాదు, పొణికి: రవీందర్ రెడ్డి శిల్పాల్లో రంగు

జి. రవీందర్ రెడ్డి చేసిన భారీ స్త్రీ శిరస్సుల గురించి ఎవరు రాసినా మొదటి పేరాలోనే పాప్ ఆర్ట్ వచ్చి కూర్చుంటుంది. బంగారు రేకు తాపడం, ఎర్రటి పెదవులు, విప్పార్చిన కళ్లు, అన్నీ లండన్‌లో నేర్చినవే అన్నట్టు. ఆయన 1956లో సూర్యాపేటలో పుట్టాడు. బరోడాలో శిల్పం చదివాడు, 1980లలో లండన్ గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు వెళ్లొచ్చాడు, తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఈ బతుకులో లండన్ ఒక్కటే కనిపించేవాళ్లతోనే నా పేచీ.

పాప్ వాదులకు ప్రీతిపాత్రమైన పోలిక అమెరికన్ కళాకారుడు జెఫ్ కూన్స్. ఆయన 1988 నాటి ‘స్ట్రింగ్ ఆఫ్ పప్పీస్’ రంగులద్దిన చెక్క శిల్పం. ఆర్ట్ రోజర్స్ తీసిన ఫొటో ఒకటి ఇటలీ పనివాళ్లకు పంపి చెక్కించాడు. అమ్మిన మూడు ప్రతులకూ కలిపి 3,67,000 డాలర్లు వచ్చాయి. రోజర్స్ కాపీరైట్ దావా వేస్తే 1992లో అప్పీలు కోర్టులోనూ కూన్స్ ఓడిపోయాడు. ఇందులో రంగు ఎగతాళి కోసం పూసింది. పరిమిత ప్రతులన్న ముద్ర ధర కోసం వేసింది.

మన కొండపల్లి బొమ్మల్లో రంగుకు వేరే పని ఉంది. తెల్ల పొణికి చెక్కను సన్నని సెగ మీద ఆరబెడతారు. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మెడ దగ్గర చూడండి: మక్కు అతుకును కప్పడంతో ఆగదు, భుజం వంపు తీర్చేదీ అదే. ఆరాక సుద్ద పూత, ఆపైన రంగు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ నుంచి రంగు తీసేస్తే మిగిలేది అతుకుల చెక్కే, మనిషి ఉండడు. బొమ్మకు ఆకారం పూర్తిచేసేది రంగే, అలంకారం తర్వాతి మాట.

రవీందర్ రెడ్డి పనిలోనూ ఈ క్రమమే ఉందని నా వాదన. బంకమట్టి నమూనా, అచ్చు, ఫైబర్‌గ్లాస్ పోత, అతుకుల పూడిక, నునుపు, చివరికి రంగు, బంగారం. పదార్థం మారింది, చేతి వరస మారలేదు. నున్నటి చెంప మీద కనుబొమ్మ గీత ఎక్కడ మొదలవ్వాలో ఉలి చెప్పదు, కుంచె చెబుతుంది. ఆయన చేసిన ‘కృష్ణవేణి’ శిరస్సు కొప్పులో పూలను చూసి పాప్ అనేవాళ్లు దసరాకో సంక్రాంతికో మన ఇళ్లలో పెట్టే బొమ్మల కొలువు వైపు ఒక్కసారైనా కన్నెత్తి చూశారా అని నా అనుమానం. ఈజిప్టు, ఆఫ్రికా శిరస్సుల ప్రభావం లేదని కాదు, కానీ రంగు వేసే వరస ఇక్కడిదే.

ఇక ప్రతుల సంగతి. అచ్చు ఉంటే ఎన్ని ప్రతులైనా తీయవచ్చు కాబట్టే గ్యాలరీ వాటికి అంకె వేసి ఆపుతుంది. కొండపల్లిలో ఒకే అంబారీ ఏనుగును తరతరాలుగా చెక్కుతున్నా ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, దేనికీ అంకె ఉండదు. అరుదైనది ఏదని అడిగితే నేను సంతలో దొరికే ఏనుగునే చూపిస్తాను. విమర్శకులు దాన్ని ‘హస్తకళ’ అని పక్కన పెట్టి, కూన్స్ చెక్కను ‘అవాంగార్డ్’ అన్నారు. తెలుగు ఆధునిక శిల్పానికి చరిత్ర రాసేవాళ్లు ఇకనైనా గోల్డ్‌స్మిత్స్ గేటు దగ్గర కాక, కొండపల్లిలో మక్కు కలిపే చోట మొదలుపెట్టాలి.