ఖిదిర్‌పూర్ పోటు లెక్కలు

హుగ్లీనది లోతును సంపూర్ణంగా ఎరిగిన మనిషి ఎన్నడూ లేడు. సముద్రముఖం నుండి కలకత్తా వరకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో ఇసుకమేటలు స్థిరంగా ఉండవు. దామోదర, రూపనారాయణ నదీముఖాల మధ్య ఉన్న ‘జేమ్స్ అండ్ మేరీ’ దిబ్బకు 1694లో అక్కడ మునిగిన ఓడ పేరే నిలిచినది. ఇట్టి నదిపై మూడు శతాబ్దాలకు పైగా ఓడలు నడుస్తున్నవి. ఆ తెలివి ఎక్కడ ఉండినది?

ఒక పాలు ఖిదిర్‌పూర్‌లో ఉండినది. సాహితీపరులకు ఆ పేట మైకేల్ మధుసూదన దత్తు బాల్యాన్ని స్మరింపజేస్తుంది. నావికులకు మాత్రం అది ఓడలు కట్టే చోటు. అక్కడి కార్ఖానా యజమాని జేమ్స్ కిడ్ మిశ్రసంతతివాడు. భారతీయ మాతలకు పుట్టినవారికి 1791లోనే కంపెనీ తన కొలువుల తలుపులు మూసినది. అయినను అతడు కట్టిన ‘హేస్టింగ్స్’ను 1819లో బ్రిటిష్ నౌకాదళమే కొనుక్కొన్నది! అంతకంటె గొప్ప పని మరొకటి. 1805 మొదలు 1828 వరకు నీరు ఎంత ఎక్కినదీ, ఎంత దిగినదీ తెలిపే దినచిట్టాను అతడు ప్రకటించినాడు. ఇరువది మూడేండ్ల చిట్టా ఒక్క చేతితో సాగేది కాదు. దానిపై నిలిచిన పేరు మాత్రం ఒక్కటే.

కొలతకు మొదలు ఉండవలె గదా. ఖిదిర్‌పూర్ పాత డాకు ద్వారపు గడపయే ఆ సున్న అయినది. నగరపు మురుగుకాలువల మట్టాలను కూడ ఆ గడప నుండియే లెక్కించినారు. గడపకు పసుపు పూసి పూజించే తెలుగువారికి ఇది వింతగా తోచదు.

1881 నుండి అక్కడ స్వయంలేఖన యంత్రం పోటును గీతగా గీయసాగినది. విశాఖపట్టణంలో అట్టి నమోదు 1879లోనే మొదలైనది. గణకులు ఆ గీతల నుండి సూర్యచంద్రుల ఆకర్షణవలన కలిగే వేర్వేరు అలలను విడదీసేవారు. భారతరేవుల కొరకు ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో లండనులో సిద్ధపరచిన చక్రాల యంత్రం వాటిని మరల కలిపి రాబోవు సంవత్సరపు పోటులను ముందుగా చెప్పేది. 1921లో ఆ యంత్రం డెహ్రాడూను చేరినది.

తిథినిబట్టి పోటు గణించే మన తీరపు పల్లెకారులకు ఈ శాస్త్రపు మూలం కొత్తది కాదు. కాని వానకాలపు వరద చంద్రుని అడిగి రాదు. ఇసుకమేట పట్టికను చదవదు. అందుచేత సర్వే పడవలు మాటిమాటికి లోతులు కొలిచేవి. ఓడపై ఒకడు సీసపుగుండు కట్టిన త్రాడు వదలి లోతును కేకవేసేవాడు. పైలటు ఆ కేకను బట్టి దారి మార్చేవాడు. కొత్త లోతులు పైలట్లకు అందేవి. వారు దారిలో చూచిన తేడాలు తిరిగి సర్వే కచేరికి చేరేవి.