ముందు డబ్బు, తర్వాత నీళ్ళా? జపాన్ రైతులు, జాలర్లు నేర్పిన లెక్క



పోయిన వారం టీ కొట్టు దగ్గర ఒకాయన అన్నాడు: "కాలుష్యం, పర్యావరణం ఇవన్నీ డబ్బున్న దేశాల కబుర్లండీ. ముందు మన జేబు నిండనివ్వండి, తర్వాత వాగుల సంగతి చూద్దాం." అక్కడున్న నలుగురం తలూపాం. ఇంటికొచ్చాక ఆ మాట నాకు మింగుడుపడలేదు. జపాన్‌లోని ఒక ఊరి కథ గుర్తొచ్చింది. కాస్త పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి.

ఆ ఊరి పేరు మినమాటా. దక్షిణాన క్యుషూ దీవిలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. 1908లో అక్కడ ఒక ఫ్యాక్టరీ పెట్టారు. దేనికనుకున్నారు? కార్బైడ్‌కీ, ఎరువులకీ. ఆ కంపెనీని చిస్సో అంటారు. చిస్సో అంటే వాళ్ళ భాషలో నత్రజని. మన యూరియా కట్టలో ఉండే నత్రజనే! ఫ్యాక్టరీతో ఊరికి ఉద్యోగాలొచ్చాయి, కరెంటొచ్చింది, మున్సిపాలిటీకి పన్నులొచ్చాయి. ఊరంతా దాని నీడలోనే బతికింది.

1932 నుంచి ఆ ఫ్యాక్టరీ అసిటాల్డిహైడ్ అనే రసాయనం కూడా తయారుచేసింది. ఆ పనిలో పాదరసం వాడతారు. వాడగా మిగిలిన నీళ్ళు సముద్రంలోకి వదిలారు. పాదరసం చేపల్లోకి చేరింది, చేపల నుంచి మనుషుల్లోకి. ముందు పిల్లులు పిచ్చెక్కినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. 1956లో చిన్నపిల్లలు నడవలేక, మాట రాక ఆసుపత్రికి వచ్చారు. ఆ ఏడు మే 1న ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టరు హొసొకావాయే ఈ వింత జబ్బు గురించి అధికారులకు తెలియజేశారు.

1959లో కుమమోటో విశ్వవిద్యాలయం వాళ్ళు కారణం పాదరసమేనని తేల్చారు. హొసొకావా ఫ్యాక్టరీ నీళ్ళు కలిపిన మేత ఒక పిల్లికి పెట్టి చూస్తే దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి రానివ్వలేదు. చేపలు అమ్ముడుపోక కడుపు మండిన జాలర్లు ఆ నవంబరులో ఫ్యాక్టరీ మీదకు వెళ్ళారు. డిసెంబరులో కంపెనీ బాధితులతో ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకుంది. చనిపోయినవాళ్ళకు 3 లక్షల యెన్‌లు ఇస్తాం, రేపు తప్పు మాదేనని తేలినా ఇంకేం అడగకూడదు అని దాని సారాంశం. దానికి పెట్టిన పేరేంటో తెలుసా? పరామర్శ సొమ్ము! ఇంట్లో తిండి లేనివాడు సంతకం పెట్టక ఏం చేస్తాడు?

ఇప్పుడు దేశం వైపు చూడండి. సరిగ్గా మరుసటి ఏడాది, 1960లో, ప్రధాని ఇకెదా హయాతో పదేళ్ళలో జాతీయాదాయం రెట్టింపు చేస్తామని ప్రణాళిక ప్రకటించారు. చెప్పిన గడువు కంటే ముందే సాధించారు కూడా. 1968కల్లా జపాన్ పశ్చిమ జర్మనీని దాటేసింది. ఇంటింటికీ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చాయి. మనుషుల ఆయుర్దాయం పెరిగింది. అది నిజం, కాదనకూడదు. డబ్బు లేని బతుకు ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

కానీ అదే 1968 దాకా మినమాటా సముద్రంలోకి విషం పారుతూనే ఉంది. ఆ ఏడు మేలో ఫ్యాక్టరీ ఆ పద్ధతి ఆపేసింది. జనం మీద జాలితో కాదు, ఆ పద్ధతి పాతబడిపోయింది గనక. పద్ధతి ఆగిపోయాక, సెప్టెంబరులో, కారణం ఆ ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే జబ్బు బయటపడిన పన్నెండేళ్ళకు.

1967లో జపాన్ కాలుష్యం మీద ఒక చట్టం చేసింది. అందులో ఒక మెలిక పెట్టారు: పరిసరాలను కాపాడటం ఆర్థికాభివృద్ధితో పొందిక కుదుర్చుకుంటూ సాగాలట. అంటే ఫ్యాక్టరీకి నొప్పి కలగనంతవరకే. మూడేళ్ళు తిరిగాక, 1970లో, ఆ మెలిక తీసేసి, ఒకే సమావేశంలో కాలుష్యం మీద 14 చట్టాలు చేశారు. మరుసటి ఏడు పర్యావరణానికి వేరే శాఖే పెట్టారు.

దేశం డబ్బున్నదైంది కాబట్టి బుద్ధి వచ్చిందని కొందరంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. డబ్బు ఉండటం వల్ల శుభ్రం చేసే స్తోమత వచ్చింది. శుభ్రం చేయక తప్పని పరిస్థితి తెచ్చింది మాత్రం కోర్టుకెక్కిన బాధితులు, వాళ్ళ వెనక నిలబడ్డ జనం. వాళ్ళు డబ్బున్నవాళ్ళు కాదు. 1973లో కోర్టు ఆ పరామర్శ సొమ్ము కాగితం చెల్లదని కొట్టేసింది.

మనలాంటి వరి రైతుల సంగతి కూడా ఉంది. తొయామా ప్రాంతంలో జింజూ నది కింద పొలాలకు పైనున్న గని నుంచి కాడ్మియం కొట్టుకొచ్చింది. ఆ నీళ్ళు తాగి, ఆ బియ్యం తిన్న ఆడవాళ్ళకు ఎముకలు పెళుసై విరిగిపోయేవి. నొప్పికి వాళ్ళు పెట్టే కేకే జబ్బుకు పేరైంది: ఇతాయి ఇతాయి, అంటే నొప్పి నొప్పి. బాధితులు 1971లో కేసు గెలిచారు, మరుసటి ఏడు అప్పీలులోనూ గెలిచారు. అంతటితో ఊరుకోలేదు. ఏటా గనిలోకి వెళ్ళి స్వయంగా తనిఖీ చేసే హక్కు రాయించుకున్నారు. పాడైన 800 పైచిలుకు హెక్టార్ల పొలాల్లో మట్టి బాగుచేసే పని 2012 దాకా సాగింది. అంటే కేసు గెలిచిన నలభై ఏళ్ళ దాకా!

డబ్బు కొనలేనిది ఇంకొకటుంది. ఈస్టర్లిన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1958 నుంచి 1987 దాకా జపాన్ లెక్కలు చూశారు. తలసరి ఆదాయం అయిదు రెట్లు పెరిగినా, మేం సంతృప్తిగా ఉన్నామని చెప్పేవాళ్ళు పెరగలేదన్నారు. ఆయనతో విభేదించినవాళ్ళూ ఉన్నారు. మినమాటాలో మాత్రం వాదన అక్కర్లేదు. సముద్రం అడుగు మట్టిని కోట్లు పోసి తోడి శుభ్రం చేశారు. తల్లి కడుపులోనే విషం ఎక్కిన పిల్లల్ని ఏ సొమ్ము బాగుచేసింది?

మన దగ్గర పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్ళతో నక్కవాగు పాడైనప్పుడు కోర్టుకు వెళ్ళినవాళ్ళు కూడా ఆ వాగు కింది రైతులు, వాళ్ళకు తోడు నిలిచినవాళ్ళే. కాబట్టి పర్యావరణం డబ్బున్నోళ్ళ ముచ్చట అని ఎవరైనా అంటే తలూపకండి. బోరు నీళ్ళు పాడైతే డబ్బున్నోడు క్యాన్ తెప్పించుకుంటాడు, లేదంటే ఊరు మారతాడు. మన పొలం మనతో రాదు.

ఫ్యాక్టరీ వద్దని నేననను. మన పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. కాకపోతే రేపు మీ ఊరికి ఒకటి వస్తోందంటే, గ్రామసభలో ఎకరా రేటు అడిగే ముందు ఒక్క ప్రశ్న అడగండి: వాడిన నీళ్ళు ఎటు వదులుతారు? ఏడాదికోసారి లోపలికొచ్చి చూసే హక్కు మాకు రాసిస్తారా? జింజూ రైతులు అది జబ్బు పడ్డాక సాధించుకున్నారు. మనం ముందే అడుగుదాం.