స్మార్ట్‌ఫోన్లు - అంధుల సహాయక పరికరాలు

అంధులు చదవడానికి, రాయడానికి, దారి తెలుసుకోవడానికి ఉపయోగించే పరికరాలను, సాఫ్టువేరును కలిపి సహాయక సాంకేతికత అంటారు. ఇది రెండు విధాలు. బ్రెయిలీ పలక, తెల్లకర్ర, బ్రెయిలీ డిస్‌ప్లే వంటివి అంధుల కోసమే తయారైన ప్రత్యేక పరికరాలు. అందరూ వాడే స్మార్ట్‌ఫోనులోనే అమర్చిన, తెరపై ఉన్నదానిని చదివి వినిపించే సాఫ్టువేరు (స్క్రీన్ రీడర్) రెండవది. 2009 తరువాత ప్రత్యేక పరికరాలు చేసే పనులు చాలావరకు ఫోనులోకి చేరినవి. అయినను అక్షరజ్ఞానానికి బ్రెయిలీ, నడకకు తెల్లకర్ర నేటికీ అవసరమే. తెలుగువారికి ఫోను ఎంతవరకు ఉపయోగపడుతుందనేది తెలుగులో పలికే కృత్రిమ స్వరంపైన, యూనికోడులో ఉన్న తెలుగు పాఠ్యంపైన ఆధారపడి ఉన్నది. కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, అవనిగడ్డ ప్రాంతాల పరిస్థితులు ఇందుకు ఉదాహరణలుగా ఈ వ్యాసంలో ఇవ్వబడినవి.

చరిత్ర

ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్రెయిలీ 1824లో ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. భారతీయ భాషలన్నింటికీ ఒకే పద్ధతిని పాటించే భారతి బ్రెయిలీ 1951లో ఆమోదం పొందినది. దీని ప్రకారం తెలుగు "క"కు, హిందీ "క"కు ఒకే చుక్కల అమరిక ఉంటుంది. అదే సంవత్సరంలో డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం ఏర్పడినది.

అచ్చు పుస్తకాన్ని చదివి వినిపించే కర్జ్‌వైల్ యంత్రం 1976లో వెలువడినది. దానిని నిలుపుటకు ఒక బల్ల అంత స్థలం కావలసివచ్చేది. కంప్యూటరు తెరను చదివే "జాస్" అనే సాఫ్టువేరు 1989లో మొదలైనది. దీని ధర చాలాకాలం సుమారు వెయ్యి డాలర్లు ఉండేది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో "ఎన్‌విడిఎ" అనే ఉచిత స్క్రీన్ రీడరును ప్రారంభించడంతో పేద దేశాల విద్యార్థులకు కంప్యూటరు అందుబాటులోకి వచ్చినది.

అప్పటి నోకియా ఫోన్లలో "టాక్స్", "మొబైల్ స్పీక్" వంటి సాఫ్టువేర్లను వేరుగా కొని వేసుకోవలసి ఉండేది. 2009లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 3జిఎస్‌లో "వాయిస్ ఓవర్"ను, గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్‌లో "టాక్‌బ్యాక్"ను ప్రవేశపెట్టినవి. ఈ విధంగా స్క్రీన్ రీడరు ఫోనుతో పాటే, అదనపు ఖర్చు లేకుండా లభించసాగినది.

పనిచేసే విధానం

నున్నని అద్దపు తెరపై తాకి గుర్తుపట్టుటకు మీటలు ఉండవు. కావున స్క్రీన్ రీడరు వేలి కదలికల అర్థాన్ని మారుస్తుంది. తెరపై వేలు ఉంచినచో అక్కడ ఉన్నది పలుకుతుంది. వేలిని కుడివైపుకు తోసినచో తరువాతి అంశం వినిపిస్తుంది. రెండుసార్లు తట్టినచో ఆ అంశం తెరుచుకుంటుంది. అప్లికేషను తయారుచేసినవారు బొత్తాలకు పేర్లు పెట్టకపోతే మాత్రం "బటన్, బటన్" అని తప్ప మరేమీ వినిపించదు.

పోలిక

* చదవడం: ఫోను కెమెరాతో అచ్చు కాగితాన్ని, మందు సీసాపై అక్షరాలను చదివించుకోవచ్చును. పిన్నులు పైకి లేచి దిగే బ్రెయిలీ డిస్‌ప్లే మాత్రం పాఠ్యాన్ని వేలికి అక్షరం అక్షరంగా అందిస్తుంది. 40 గడుల డిస్‌ప్లే ధర వేల డాలర్లలో ఉంటుంది. ధర తగ్గించే ఉద్దేశంతో 20 గడుల "ఆర్బిట్ రీడర్" సుమారు 500 డాలర్లకు వెలువడినది.
* రాయడం: గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుకు మాటల ద్వారా టైపుచేసే సౌకర్యం కల్పించినది. బ్రెయిలీ పలకకు విద్యుత్తు గాని, నెట్‌వర్కు గాని అవసరం లేదు.
* నడక: ఫోనులోని జిపిఎస్ ఊరిని, వీధిని చెప్పగలదు గాని కొన్ని మీటర్ల తేడా రావచ్చును. డెల్టాలోని కాలువ గట్లపై ఆ తేడా ప్రమాదకరం. గట్టు అంచును, గుంతను తెలిపేది తెల్లకర్ర మాత్రమే. ఢిల్లీ ఐఐటిలో రూపొంది 2014లో విడుదలైన "స్మార్ట్‌కేన్" మోకాలికి పైన ఉన్న అడ్డంకులను అతిధ్వనుల ద్వారా గుర్తించి కంపనంతో తెలుపుతుంది.
* డబ్బు: నోట్లను గుర్తించడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న "మణి" అనే ఉచిత అప్లికేషనును విడుదల చేసినది.
* మరమ్మతు: ప్రత్యేక పరికరాన్ని బాగుచేసేవారు చిన్న పట్టణాలలో అరుదు. ఫోనును బాగుచేసే దుకాణాలు అంతటా కలవు. అయితే అన్ని పనులకూ ఫోనునే నమ్ముకున్నవారికి అది పాడైన రోజున అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

తెలుగులో పరిస్థితి

స్క్రీన్ రీడరు చదవాలంటే పాఠ్యం యూనికోడులో ఉండాలి. యూనికోడు ప్రమాణంలో తెలుగుకు 1991లోనే స్థానం లభించినది. కాని పుస్తక ముద్రణలో "అను" వంటి పాత ఖతుల వాడకం చాలాకాలం కొనసాగినది. అటువంటి ఫైలులో కంటికి తెలుగు అక్షరం కనిపించినను లోపల ఉన్నది వేరే సంకేతం కనుక స్క్రీన్ రీడరు అర్థంలేని శబ్దాలు పలుకుతుంది. స్కాను చేసి బొమ్మగా పెట్టిన ప్రశ్నపత్రం లేదా ప్రభుత్వ ఉత్తర్వును నేరుగా చదవలేదు. బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్టువేరు తెలుగుకు ఉన్నను, ఒత్తులు, గుణింతాల వద్ద పొరపాట్లు సహజం.

తెలుగు స్వరం విషయానికి వస్తే, "ఈస్పీక్" అనే ఉచిత సాఫ్టువేరు ఎన్‌విడిఎలో తెలుగు పలుకుతుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ తెలుగు స్వరం కలదు. ఐఫోన్లకు 2022లో ఐఓఎస్ 16తో తెలుగు స్వరం వచ్చినది. అంటే వాయిస్ ఓవర్ వచ్చిన 13 ఏళ్ళకు గాని తెలుగువారికి ఐఫోనులో సొంత భాష వినిపించలేదు.

వినికిడి మీదనే ఆధారపడి చదివినవారికి వర్ణక్రమం పట్టుబడటం కష్టం. శ, ష, స, ల, ళ, న, ణ - వీటి తేడా చెవికి స్పష్టంగా తెలియకపోవచ్చును. బ్రెయిలీలో వీటికి వేర్వేరు చుక్కలు ఉన్నందున వేలికి తప్పక తెలుస్తుంది. చిన్న తరగతుల పిల్లలకు ఫోను ఉన్నను బ్రెయిలీ నేర్పవలెననుటకు ఇది ముఖ్య కారణం.

మచిలీపట్నం, దివిసీమ

మచిలీపట్నం సమీపాన సీతారామపురంలో జన్మించిన పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్ల పుట్టుకతో అంధుడు. హైదరాబాదులోని దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివాడు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి అనుమతి నిరాకరించగా న్యాయపోరాటం చేసి సాధించుకున్నాడు. ధ్వని రూపంలోకి మార్చిన పాఠ్యపుస్తకాలతో చదివి, అమెరికాలోని ఎంఐటిలో సీటు పొందాడు. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించాడు. ఈయన జీవితం ఆధారంగా 2024లో "శ్రీకాంత్" అనే హిందీ సినిమా వచ్చినది. పరికరం ఎంత ఉన్నా, చదువుకునే అవకాశం, చదవదగిన రూపంలో పుస్తకం లేనిదే ప్రయోజనం లేదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

అవనిగడ్డ కేంద్రంగా గల దివిసీమ 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెనలలో వేలాది ప్రాణాలను కోల్పోయినది. నేడు విపత్తు హెచ్చరికలు ఫోనుకు సంక్షిప్త సందేశాలుగా వస్తున్నవి. తెలుగు అక్షరాలలో వచ్చిన హెచ్చరికను స్క్రీన్ రీడరు వెంటనే చదువుతుంది. అదే హెచ్చరికను పటంగానో, బొమ్మగానో పంపినచో అంధునికి ఇతరుల సాయం కావలెను. తుపాను సమయాన విద్యుత్తు రోజుల తరబడి లేకపోతే ఫోను మూగబోతుంది. అప్పుడు మిగిలేవి తెల్లకర్ర, రేడియో, ఇరుగుపొరుగువారి మాట.

చట్టాలు, పథకాలు

కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకం క్రింద అర్హులైన అంధులకు తెల్లకర్ర, బ్రెయిలీ పరికరాలతో పాటు స్క్రీన్ రీడరు గల స్మార్ట్‌ఫోన్లు కూడా ఇవ్వబడుతున్నవి. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షను సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని చెబుతున్నది. అదే ఏడాది అంధులు చదవదగిన పుస్తకాలతో "సుగమ్య పుస్తకాలయ" అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైనది. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం జీవించే హక్కులో భాగమని తీర్పునిచ్చినది. ఖాతా తెరిచేటప్పుడు కెమెరా ముందు కన్ను ఆర్పి చూపమనే పద్ధతి వలన అంధులకు కలుగుతున్న ఇబ్బంది ఈ కేసులో ప్రధానాంశాలలో ఒకటి.

ఇవి కూడా చూడండి

* బ్రెయిలీ లిపి
* యూనికోడు
* దివిసీమ ఉప్పెన