టీ దుకాణాల లెక్క, మన జాబ్ కార్డు

"ముప్పై ఏళ్ళుగా నువ్వు చేసే కంప్యూటర్ పనేమిటో ఇప్పటికీ అర్థం కాలేదురా" అన్నాడు మొన్న మన బ్యాచ్ మిత్రుడొకడు. జనరేటర్లు, లిఫ్టులు, ఏసీలు బాగుచేసే సంస్థలకు, సెక్యూరిటీ గార్డులను పంపే ఏజెన్సీలకు వాళ్ళ వ్యాపారం నడుపుకునే సాఫ్ట్‌వేర్ రాస్తాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు కనుక, ఈ పని ఎక్కడ పుట్టిందో చెబుతాను.

బియ్యం కొట్టు లెక్క తేలిక. పొద్దున గోడౌన్‌లో వంద బస్తాలుండి సాయంత్రానికి ఎనభై మిగిలితే ఇరవై అమ్ముడుపోయినట్టే. మెకానిక్‌లను పంపే సంస్థ అమ్మేది మనిషి సమయం. ఇవాళ ఖాళీగా పోయిన రెండు గంటలను రేపు అమ్ముకోలేం. చేసిన పనికి బిల్లు రాయడం మరిచిపోతే ఏ బస్తా తగ్గదు, అందుకే ఎవరికీ తెలియదు కూడా.

ఇలా నిలవ ఉండని వ్యాపారపు లెక్కను మొదట కంప్యూటర్‌కు ఎక్కించినది ఏ బ్యాంకో అనుకునేవాణ్ణి. కాదు. లండన్‌లో టీ దుకాణాలు నడిపిన జె. లయన్స్ కంపెనీ. ఒక కప్పు టీ మీద, ఒక బన్ను మీద మిగిలేది పైసల్లో. దానికోసం గుమాస్తాలు రాయాల్సిన కాగితాలు కొండంత. ఆ కంపెనీ 1930లలోనే, ఆఫీసులో ఏ కాగితం ఎందుకు తిరుగుతోందో పరిశీలించడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టుకుంది. గణితం చదివి వచ్చిన జాన్ సిమన్స్ దానికి పెద్ద దిక్కు. 1947లో ఇద్దరు అధికారులు అమెరికా వెళ్ళి కొత్తగా వస్తున్న గణన యంత్రాల సంగతి తెలుసుకొని వచ్చారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో అప్పటికే ఎడ్‌శాక్ అనే యంత్రం తయారవుతోంది. దానికి లయన్స్ 3000 పౌన్లు, ఒక సాంకేతిక సహాయకుణ్ణి ఇచ్చి, ఆ పరిజ్ఞానంతో తన సొంత యంత్రం కట్టుకుంది. పేరు లియో. దాదాపు 6000 వాల్వులు, ఓ పెద్ద గది నిండా బీరువాలు. 1951 నవంబరులో బేకరీ సరుకుల విలువ కట్టే పని దానిమీద మొదలైంది. వ్యాపార సంస్థ తన రోజువారీ పనికి కంప్యూటర్‌ను వాడడం ప్రపంచంలో అదే మొదలని చరిత్రకారులు రాస్తారు. ఆ తర్వాత జీతాల లెక్క. అనుభవమున్న గుమాస్తాకు ఒక్కో ఉద్యోగి జీతం కట్టడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది, లియోకు ఒకటిన్నర సెకను.

నాకు వీటన్నిటికంటే నచ్చింది 1954 నాటి టీ దుకాణాల పని. లండన్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న వందకు పైగా దుకాణాలకు రోజూ కేకులు, రొట్టెలు పంపాలి. ప్రతి దుకాణం ప్రతిరోజూ మొత్తం జాబితా చదవనక్కరలేకుండా, వారంలో ఒక్కో రోజుకు మామూలుగా పట్టేదెంతో ముందే యంత్రంలో ఉంచారు. దుకాణం చూసుకునే ఆవిడ నిర్ణయించిన వేళకు ఫోన్‌లో మార్పులు మాత్రం చెబుతుంది. "బన్నులు రెండు డజన్లు తగ్గించండి" అంటే చాలు. ఇవతల ఉన్న అమ్మాయి వింటూనే కార్డుకు చిల్లులు కొడుతుంది. మర్నాటి సరుకు కట్టే జాబితాను యంత్రం అచ్చువేసి ఇస్తుంది. మామూలుగా జరిగేదాన్ని అడగొద్దు, తేడా మాత్రం అడుగు. నేటికీ మేం రాసే ప్రోగ్రాముల్లో సగం తెలివి ఇదే!

మన దగ్గర ఇలాంటిది జనం కళ్ళారా చూసింది రైల్వే రిజర్వేషన్‌లో. రైలు కదిలాక ఖాళీ సీటు కూడా పాచిపోయిన బన్ను లాంటిదే. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలై, తర్వాత మిగతా పెద్ద కేంద్రాలకు వచ్చింది. కానీ ఏ ఊరి యంత్రం ఆ ఊరిదే. వాటిని కలపడానికి రాసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1994లో మొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకటయ్యాయి.

చిన్న సర్వీసు సంస్థలను కంప్యూటర్ వైపు తోసింది మాత్రం సౌకర్యం కాదు, పన్ను. 1994 జులై 1న టెలిఫోన్, షేర్ బ్రోకర్లు, సాధారణ బీమా అనే మూడు సేవల మీద 5 శాతంతో సర్వీస్ టాక్స్ వచ్చింది. 2003లో మెయింటెనెన్స్ కాంట్రాక్టులూ అందులో చేరాయి. 2017లో జీఎస్‌టీ. పన్ను మారినప్పుడల్లా మాకు నిద్ర లేదు. అంతవరకు డైరీలో వ్యాపారం చేసినవాళ్ళు మా దగ్గరికి వచ్చిందీ అప్పుడే.

నా మొదటి ప్రోగ్రాం మాత్రం అంతకు ముందుది. 1996లో విజయవాడలో ఒక జనరేటర్ సర్వీసు సంస్థకు ఫాక్స్‌ప్రోలో రాశాను. మెకానిక్‌లు తెచ్చే జాబ్ కార్డులు చూసి గడులు పెట్టాను: పార్టీ పేరు, మెషిన్ నంబరు, పని మొదలైన వేళ, ముగిసిన వేళ, వేసిన విడిభాగాలు, బిల్లు మొత్తం. యజమానితో నాలుగుసార్లు కూర్చున్నాను. మెకానిక్‌లతో ఒక్కసారీ కూర్చోలేదు. నెలాఖరున ఎవరెన్ని గంటలు పనిచేశారో కాగితం అచ్చు వేసి ఇచ్చాను. అందరికంటే తక్కువ గంటలు వచ్చిన కుర్రాడికి ఆ నెల జీతంలో కోత పడింది. అతను మన బడివాడే, నాకంటే రెండేళ్ళు చిన్న.

"అన్నా, అవనిగడ్డ పోయి రావడానికే నాకు సగం రోజు. అది నీ కంప్యూటర్‌లో ఎక్కడ రాయాలి?" అని అడిగాడు. రాయడానికి చోటు లేదు. దూరపు ఊళ్ళన్నీ అతనివే. వెళ్ళేసరికి గేటుకు తాళం ఉంటే ఆ తిరుగుడూ అతనిదే. పని గంటలు తక్కువ కాలేదు, నేను అడగలేదు. యజమానికి చెప్పాను. "కాగితం మీద వచ్చిందిగా" అన్నారాయన. కాగితం నాదే అన్నాను. కోత మాత్రం తిరిగి రాలేదు. మరుసటి నెలలో అతను పని మానేశాడు.

ప్రయాణ సమయానికి, వెళ్ళి ఊరికే తిరిగొచ్చిన పనికి రెండు గడులు ఆ వారమే చేర్చాను. ఫాక్స్‌ప్రో పోయింది, ఇప్పుడు జాబ్ కార్డు మెకానిక్ సెల్‌ఫోన్‌లోనే ఉంటోంది. ఆ రెండు గడులూ మాత్రం నేను రాసిన ప్రతి ప్రోగ్రాంలోనూ ఉన్నాయి. కొత్తగా చేరే పిల్లలు "సార్, ఇవి క్లయింట్ అడగలేదు కదా" అంటుంటారు. ఉంచమంటాను. అతను స్వర్ణోత్సవానికి వస్తాడని మన కార్యదర్శి చెప్పారు. లయన్స్ కంపెనీ కథ అతనికి చెప్పాలి, అంతకంటే ముందు ఆ నెల కోత గురించి మాట్లాడాలి.